చాయ్ త్రాగిన లాప్‌టాప్

ఈ వారం మీ ఉత్తరాలకు జవాబులు వ్రాసేముందు నా నేరం ఒకటి ఒప్పుకోవాలి. లాప్‌టాప్ పక్కన మంచినీళ్ళ గ్లాసు కూడా పెట్టవద్దని ఈ పేజీలో మీకు ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్క తెలియదు. ఆ చెప్పినవాణ్ణే, మొన్న శ్రావణమాసంలో, నిండు గ్లాసు చాయ్‌తో నా లాప్‌టాప్‌కు అభిషేకం చేశాను.

జహీరాబాదు చుట్టుపక్కల చెరకు పండుతుంది. అందువల్లనే కాబోలు మా యిళ్ళల్లో చాయ్‌లో చక్కెర వేసేటప్పుడు ఎవరూ చెయ్యి వెనక్కి తీయరు. పాలు చిక్కన, అల్లం ఘాటు. ముసురు పట్టిన సాయంకాలం అటువంటి చాయ్ పక్కన పెట్టుకుని ఈ శీర్షికకే ఏదో వ్రాసుకుంటున్నాను. ఫట్టున కరెంటు పోయింది. టార్చిలైటు కోసం చీకట్లో చెయ్యి చాపాను. తరువాత సంగతి మీరే వూహించుకోవచ్చు.

ఆ మొదటి పది సెకండ్లలో నేను చేయవలసింది ఒకటి, చేసింది మరొకటి. భుజంమీది తువ్వాలుతో అక్షరాల మీటల పలకను గబగబా తుడిచాను. తెర ఇంకా వెలుగుతూనే వుంది గదా అని ధైర్యం తెచ్చుకున్నాను. రెండు నిముషాలకు అది గుటుక్కుమంది. అప్పుడు పవర్ మీట నొక్కాను. లేవలేదు. మళ్ళీ నొక్కాను. మూడోసారి నొక్కేసరికి కాలిన చక్కెర వాసన సన్నగా తగిలింది.

పక్కింటివారు వచ్చి బియ్యంలో పెట్టమన్నారు. ఈ బియ్యం వైద్యం ఎక్కడ పుట్టిందో గాని దేశమంతా అల్లుకుపోయింది. మా శ్రీమతి బియ్యం డబ్బా తెచ్చింది. రెండు రోజులు పాతిపెట్టాము. మూడో రోజున పైకి తీస్తే గాలి పోయే సందులన్నింటిలోనూ తెల్లటి తవుడు, రెండు నూకలు. యంత్రం మాత్రం ఉలకలేదు, పలకలేదు.

బస్సుస్టాండు వెనక సందులో లాప్‌టాపులు బాగుచేసే కుర్రవాడు ఒకడున్నాడు. నా దగ్గర తొమ్మిదో తరగతిలో లెక్కలు చదువుకున్నవాడే. మూత విప్పి, నూకలు చూచి, నావైపు చూచాడు.

“క్యా సార్, బిర్యానీ చేద్దామనుకున్నరా?”

నేను మాట్లాడలేదు.

“తడిసినంక బటన్ ఎన్నిసార్లు ఒత్తిన్రు సార్?”

“ఒక్కసారే” అన్నాను.

వాడు నావైపు చూస్తూనే వున్నాడు. క్లాసులో నేను వాళ్ళను చూచిన చూపు అది.

“మూడుసార్లు” అన్నాను.

“అద్గదీ! నీళ్ళు బోర్డును చంపవు సార్. నీళ్ళల్ల కరెంటు పోతెనే చంపుతది.”

ఆ ఒక్క మాటలో వైద్యమంతా వుంది. తడిసిన యంత్రంలో విద్యుత్తు పారుతున్నంతసేపూ సన్నని రాగి దారులను ఆ తడి కొరుక్కుతింటూ వుంటుంది. విద్యుత్తు ఆగిపోతే ఆ పని చాలా మెల్లబడుతుంది. కాబట్టి మీ యింట్లో ఇటువంటిది జరిగితే, తుడవటం తరువాత. ముందు గోడ దగ్గర స్విచ్చి ఆర్పి చార్జరు తీసేయండి. పవర్ మీటను పది పదిహేను సెకండ్లపాటు నొక్కి పట్టుకోండి. తెర మీద వున్న పని పోతే పోనివ్వండి, యంత్రం ఆరిపోవటం ముఖ్యం. మౌసు, పెన్‌డ్రైవు వుంటే ఊడదీయండి. పాతరకం లాప్‌టాప్ అయి, బాటరీ బయటికి వచ్చేదైతే దాన్నీ తీసేయండి. ఆపైన మూతను సాధ్యమైనంత వెడల్పుగా తెరిచి, ఇంటి కప్పులాగా బోర్లించి, మీటలు క్రిందికి వుండేట్టు తువ్వాలు మీద నిలబెట్టండి. లోపలికి పోయింది వచ్చిన దారినే బయటికి కారుతుంది. జుట్టు ఆరబెట్టే వేడిగాలి యంత్రం వద్దు. బియ్యం అసలే వద్దు. లోపల చేరిన తడిని అవి లాగలేవు, దుమ్ము మాత్రం యిస్తాయి.

పడింది మంచినీళ్ళయితే రెండు రోజులు ఆరనిచ్చి ఆశ పెట్టుకోవచ్చు. చాయ్, కాఫీ, సోడా, మజ్జిగ అయితే ఆరటం కోసం కాచుకుని కూర్చోకూడదు. నీరు ఆరినా చక్కెర, పాలు అక్కడే మిగిలిపోతాయి. అదేరోజున విప్పించి, ఐసోప్రొపైల్ ఆల్కహాలు అనే ద్రవంతో కడిగించాలి. నేను మూడో రోజున పోయాను. అప్పటికి చార్జింగు జరిగే వైపు బోర్డుమీద ఆకుపచ్చని చిలుము పట్టివుంది. కుర్రవాడు రెండుసార్లు కడిగి చూచి పెదవి విరిచాడు. కొత్త బోర్డు వేయించాలంటే కొత్త యంత్రం ఖరీదులో సగం అవుతుందన్నాడు.

బోర్డు సంగతి నాకు పట్టలేదు. నా గుండె దడదడ మరొకందుకు.

2022 వేసవిలో మా అమ్మ చేత పాటలు పాడించి ఫోనులో పట్టాను. బతుకమ్మ పాటలు, ఇసుర్రాయి పాటలు, పొలంలో కలుపు తీస్తూ పాడేవి, అన్నీ కలిపి యిరవైయారు. మా ప్రాంతంలో ఈ పాటల విలువ తెలియనివారు లేరు. జహీరాబాదు ప్రక్కనే పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆసరాతో బడి మొగం చూడని ఆడవాళ్ళు కూడా కెమెరా పట్టి సినిమాలు తీశారు. మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలుపెట్టినప్పుడు మైకు ముందు కూర్చున్నవాళ్ళు ‘జనరల్’ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. వూళ్ళవాళ్ళ గొంతులు, పాటలు జాగ్రత్తగా పట్టి పెట్టటం ఆ ఆడవాళ్ళకు తెలుసు. ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పిన నాకు మాత్రం, పట్టటం తెలిసింది గాని పదిలపరచటం తెలియలేదు. ఫోను నిండిపోయిందని పాటలన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోనులోంచి చెరిపేశాను. 2023లో అమ్మ పోయింది. ఆమె గొంతు ఇక ఈ భూమ్మీద ఒకే ఒక్క చోట వుంది. ఆ చోట మీద నేను చాయ్ పోశాను.

నారాయణఖేడ్‌లో వున్న మా అక్క ఆ వారంలోనే ఫోను చేసింది. “తమ్మీ, సద్దుల బతుకమ్మ నాటికి అమ్మ పాటలు నా ఫోన్ల ఏసియ్యి. కోడలు నేర్చుకుంటనంటున్నది” అన్నది. సరేనన్నాను. అంతకుమించి చెప్పే ధైర్యం లేకపోయింది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. లాప్‌టాప్ చచ్చిపోయినంత మాత్రాన అందులో దాచుకున్నవి చచ్చిపోవు. పని చేసేది బోర్డు. దాచుకునేది డిస్కు. ఇల్లు కూలినా ఇనప్పెట్టె మిగిలినట్టు, చాలాసార్లు డిస్కు క్షేమంగా వుంటుంది. ఇప్పటి యంత్రాల్లో అది ఎస్.ఎస్.డి. అనే సన్నని పలక; సాధారణంగా 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. ఒక్క మర విప్పితే వూడివస్తుంది. దాన్ని కొన్ని వందల రూపాయలకు దొరికే యు.ఎస్.బి. డొక్కులో పెట్టి మరొక కంప్యూటరుకు తగిలిస్తే పెన్‌డ్రైవులాగా తెరుచుకుంటుంది. మరీ పల్చటి యంత్రాలు కొన్నింటిలో డిస్కును బోర్డుకే అతికించేస్తారు. అప్పుడు బోర్డును బ్రతికిస్తే తప్ప గతిలేదు. కొనేటప్పుడు ఈ ప్రశ్న అడగండి. దుకాణంవాడు విసుక్కున్నా సరే.

నా అదృష్టం బాగుండి డిస్కు ఊడివచ్చింది. కుర్రవాడు తన కంప్యూటరుకు తగిలించాడు. పాటలు వస్తాయని నేను కుర్చీ అంచుమీదికి జరిగాను. పాటలు రాలేదు. నలభైయెనిమిది అంకెల సంఖ్య ఒకటి చెప్పమని తెర అడిగింది.

“తాళమున్నది సార్. చెవి మీ కాడ ఉన్నదా?”

నాకు తెలిసింది రోజూ కొట్టే నాలుగంకెల పిన్ను. అది కాదన్నాడు.

అయ్యలారా, అమ్మలారా, ఈ భాగం శ్రద్ధగా చదవండి. విండోస్ 11 వున్న యంత్రాలు చాలావాటిలో, మొదటిసారి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్ళినప్పుడు, డిస్కు తనంతట తానే తాళం వేసుకుంటుంది. మనకు చెప్పదు, చెప్పినా మనం చదవము. ఇది చెడ్డది కాదు. లాప్‌టాప్ దొంగ ఎత్తుకుపోయినా మీ బ్యాంకు కాగితాలు, ఫోటోలు వాడి కంట పడవు. అయితే తాళంచెవి ఎక్కడుందో సొంతదారుకే తెలియకపోతే, సొంతదారుకూ దొంగకూ భేదం ఆ డిస్కుకు తెలియదు. ఆ 48 అంకెలు లేకుండా తెరిచిపెడతామని డబ్బు గుంజేవాళ్ళ మాట నమ్మవద్దు.

ఆ చెవి ఏ ఖాతాతో యంత్రాన్ని మొదట తెరిచారో ఆ ఖాతాలో వుంటుంది. నా యంత్రాన్ని మొదట తెరిచింది నేను కాదు. మా అక్క కొడుకు దాన్ని నాకు బహుమతిగా కొని, అన్నీ సరిచేసి, “ఇగ వాడుకో మామా” అని చేతిలో పెట్టి డల్లాసు విమానం ఎక్కాడు. ఖాతా వాడిది. ఇలా కొడుకులో, అల్లుళ్ళో, దుకాణంలో కుర్రాళ్ళో తమ ఖాతాతో తెరిచి యిచ్చిన యంత్రాలు మన యిళ్ళల్లో ఎన్నున్నాయో! దుకాణం కుర్రవాడు ఆ మరుసటి నెల వుద్యోగం మానేస్తే ఆ తాళంచెవిని ఎక్కడ వెతుక్కుంటాము?

రాత్రి తొమ్మిదిన్నరకు, అంటే వాడికి పగలు పదకొండు గంటలకు, ఫోను చేశాను. సంగతి విని వాడు కాసేపు మాట్లాడలేదు. వాడికీ అవి అమ్మమ్మ పాటలు.

“అమ్మకు చెప్పినవా మామా?”

“లేదురా.”

“చెప్పకు. నేను చూస్త.”

ఖాతా తెరిచి చూచాడు. అక్కడ ఐదు తాళంచెవులున్నాయి, వాడు వాడిన యంత్రాలన్నిటివీ. ఏది నాదో ఎలా తెలియటం? దానికో గుర్తు వుంది. 48 అంకెలు అడిగే తెరమీదనే ‘కీ ఐ.డి.’ అని ఒక గుర్తు కనిపిస్తుంది. దాని మొదటి ఎనిమిది అక్షరాలు ఖాతాలో ఏ చెవికి వున్నాయో, అదే మనది. మూడోది సరిపోయింది. వాడు ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా చదివాడు. మా శ్రీమతి వ్రాసింది. నేను టార్చి పట్టుకున్నాను, ఎందుకంటే అప్పుడూ కరెంటు లేదు.

మర్నాడు పొద్దున్నే దుకాణం తెరవకముందే పోయి కూర్చున్నాను. కుర్రవాడు అంకెలు కొట్టాడు. చెల్లదన్నది తెర. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే మాట. డల్లాసులో అప్పుడు రాత్రి. నిద్ర లేపటానికి మనసొప్పలేదు. రాత్రి వాడు మాటల్లో చెప్పిన విశేషమొకటి అప్పుడు గుర్తుకు వచ్చింది: ఈ తాళంచెవిలో ఆరంకెల గుంపు ప్రతిదీ 11తో నిశ్శేషంగా భాగింపబడుతుందట.

పదకొండుతో భాజనీయతా సూత్రం నేను ముప్పయ్యేళ్ళు చెప్పిన పాఠం. ఒకటి విడిచి ఒకటి అంకెలు కూడి, మిగిలినవి కూడి, రెంటి భేదం చూడాలి. అది సున్న అయినా, 11 గుణిజమైనా సరే. ఎనిమిది గుంపులూ కాగితంమీద వేశాను. ఆరో గుంపు తప్పింది. అసలు అంకెలు చెప్పకూడదు గనుక మార్చి వ్రాస్తున్నాను. కాగితంలో 418653 అని వుంది. 4, 8, 5 కలిపితే 17. 1, 6, 3 కలిపితే 10. భేదం ఏడు, పనికిరాదు. ఆ ఐదు బదులు తొమ్మిది వుంటే 21 లోంచి 10 పోతే 11. ఫోనులో ‘నైన్’ అన్నది మా శ్రీమతికి ‘ఫైవ్’ అని వినిపించింది. దిద్దాము. తాళం తెరుచుకుంది.

“సార్, ఈ లెక్క మాకు చెప్పినప్పుడు ఇది ఎందుకు పనికొస్తదని అడిగిన నేను” అన్నాడు కుర్రవాడు. అడిగి దెబ్బలు తిన్నాడట కూడా. నాకు జ్ఞాపకం లేదు. ఉన్నా ఒప్పుకోను.

యిరవైయారు పాటలూ వున్నాయి. ఒకదాని మధ్యలో అమ్మ పాట ఆపి, “ఎంతసేపురా ఆ ఫోను పట్టుకుంటవు, చెయ్యి గుంజదా?” అంటుంది. ఆ మాట అన్నదని నేను మరిచిపోయాను. కుర్రవాడు లేచి బయటికి వెళ్ళి, అక్కరలేకపోయినా మెట్లు వూడ్చాడు.

ఆనాడే నకళ్ళు తీయించాను. ఒకటి కొత్త యంత్రంలో, ఒకటి విడిగా కొన్న హార్డుడిస్కులో, ఒకటి గూగులు ఖాతాలో. హార్డుడిస్కు మా యింట్లో వుండదు. నారాయణఖేడ్‌లో అక్క బీరువాలో వుంటుంది. దొంగతనమైనా, అగ్నిప్రమాదమైనా రెండిళ్ళల్లో ఒకేసారి జరగదు గదా. మీరూ మీ యంత్రంలో సెట్టింగ్సులోకి వెళ్ళి, ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ క్రింద ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ అనే మాట వుందేమో ఈ ఆదివారం చూడండి. వుండి, పని చేస్తూ వుంటే, ఆ ఖాతా ఎవరిదో కనుక్కుని 48 అంకెలూ కాగితంమీద వ్రాసి ఇంటి దస్తావేజులతో కలిపి పెట్టండి. లాప్‌టాప్ అడుగున అతికించవద్దు. ఒకాయన అలాగే అతికించాడు. వ్రాసిన తరువాత పదకొండుతో భాగించి చూచుకోండి. ఐదో తరగతి పిల్లవాడికి సెలవురోజు పని దొరుకుతుంది.

ఇక ఉత్తరాలు. స్థలం తక్కువ మిగిలింది, తప్పు నాదే.

న్యాల్‌కల్ వైపు నుంచి ఒక సోదరి వ్రాశారు: చార్జింగు పెట్టినప్పుడు లాప్‌టాప్ ఒంటిమీద చెయ్యి వేస్తే జివ్వుమంటున్నదట, అత్తగారు దాన్ని ముట్టుకోనివ్వటం లేదట. అమ్మా, మీ అత్తగారి జాగ్రత్తను నేను తప్పుపట్టను. చార్జరులో ఇతర యంత్రాలకు గోల కలగకుండా చేసే చిన్న భాగాలుంటాయి. వాటిగుండా బహుస్వల్పమైన విద్యుత్తు ఎప్పుడూ కొంచెం కారుతుంది. మూడుకాళ్ళ ప్లగ్గులో పై లావుకాలు ఎర్తింగు. కారినది ఆ దారిన భూమిలోకి పోవాలి. పాత యిళ్ళల్లో ఆ రంధ్రం వుంటుంది గాని వెనక తీగ వుండదు. వున్నా వేసవిలో ఎర్తింగు గుంట ఎండిపోయి వుంటుంది. అప్పుడది లోహపు ఒంటిమీద నిలిచి మీ చేతికి జివ్వుమని తెలుస్తుంది. రెండుకాళ్ళ చార్జర్లకు ఆ దారే లేదు. సన్నగా జివ్వుమనటం సాధారణంగా ప్రమాదం కాదు. కాని ఎర్తింగు లేని యింట్లో లాప్‌టాప్ ఒక్కటే కాదు, ఫ్రిజ్జు, నీళ్ళు కాచుకునే హీటరు, మోటారు అన్నీ అలాగే వున్నాయన్నమాట. అక్కడ జరిగేది జివ్వుమనటంతో ఆగదు. కాబట్టి లాప్‌టాప్ మీకు మంచి కబురే చెప్పింది. ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తింగు పరీక్ష చేయించండి. అంతవరకు చార్జరు తీసి బాటరీమీద పని చేసుకోండి. చెయ్యి విదిలించేంత షాకు కొడితే, లేదా చార్జరు తీగ ఎక్కడైనా పగిలివుంటే, ఆ చార్జరును ఆ క్షణమే మానేయాలి. సంతలో దొరికే పేరులేని చార్జరు కొనవద్దు.

జహీరాబాదు ఎర్రమన్నును గురించి నేను లోగడ వ్రాసిందే మళ్ళీ అడిగారు ముగ్గురు. యంత్రం వేడెక్కి, పంకా రొద పెట్టి, పని నత్తనడక నడుస్తున్నదంటే ముందు దుమ్మును అనుమానించండి. అరవైయైదో నంబరు జాతీయరహదారి పక్కన కాపురమున్న వారికి చెప్పేదేముంది! ఏడాదికొకసారి విప్పించి పంకాను శుభ్రం చేయించండి. సొంతంగా గాలి కొట్టేవారు యంత్రాన్ని పూర్తిగా ఆర్పి, పంకా రెక్క తిరగకుండా పుల్లతో ఆపి కొట్టాలి. పరుపుమీద, బొంతమీద పెట్టి వాడకండి. క్రింది సందులు మూసుకుపోతాయి. మూత సరిగా పడకపోయినా, అడుగుభాగం వుబ్బినట్టు కనిపించినా అది దుమ్ము కాదు, బాటరీ వుబ్బింది. చార్జింగు ఆపండి, నొక్కవద్దు, గుచ్చవద్దు, తిన్నగా రిపేరుకు తీసుకుపొండి.

దుమ్ము లేకుండానే మందగించిన యంత్రానికి చిట్కా ఒకటి. ‘నేను రోజూ ఆర్పుతూనే వున్నాను గదా’ అంటారు. విండోసులో ‘షట్‌డౌన్’ చాలా యంత్రాల్లో పూర్తి నిద్ర కాదు, మర్నాడు త్వరగా లేవటం కోసం కొంత జ్ఞాపకాన్ని అలాగే దాచుకుంటుంది. ‘రీస్టార్ట్’ నొక్కితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. వారానికొకసారి నొక్కండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరుతాయి.

అక్షరాలు కొడితే అంకెలు పడుతున్నాయన్న కోహీర్ పెద్దాయనకు: ‘నమ్ లాక్’ మీట ఒకసారి నొక్కండి. మీట గట్టిగా ఎంతోసేపు నొక్కితే తప్ప అక్షరం పడటం లేదన్న రెండోవారికి: కుడివైపు ‘షిఫ్ట్’ మీద చెయ్యి వేసి ఆలోచిస్తూ కూర్చున్నారు మీరు. అది ఎనిమిది సెకండ్లు నొక్కివుంటే ‘ఫిల్టర్ కీస్’ అనే ఏర్పాటు మొదలవుతుంది. మళ్ళీ ఎనిమిది సెకండ్లు నొక్కితే పోతుంది. మీటల పలక మార్చాలని రెండువేలు అడిగినవాడికి ఇవ్వకండి.

పాత పెళ్ళిపత్రిక ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తున్నాయని ఒక ప్రెస్సు యజమాని వాపోయారు. అది పాడైపోలేదు. అను ఫాంట్లవంటి పాత పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల మీదనే తెలుగు బొమ్మలు తొడిగేవారు. ఆ ఫాంటు లేని యంత్రంలో తొడుగు వూడిపోయి లోపలిది కనిపిస్తున్నది. ఆ ఫాంటు వేస్తే మళ్ళీ తెలుగు వస్తుంది. యూనికోడులోకి మార్చే కన్వర్టర్లు కూడా వున్నాయి, వత్తుల దగ్గర మాత్రం ఒకసారి కన్ను వేసి దిద్దుకోవాలి. కొత్తగా వ్రాసేదేదైనా యూనికోడులోనే వ్రాయండి. విండోసులోనే తెలుగు మీటల అమరిక వుంది. దాన్ని చేర్చుకున్నాక విండోస్ మీట, స్పేసుబారు కలిపి నొక్కితే ఇంగ్లీషు పోయి తెలుగు వస్తుంది.

చివరి ఉత్తరం వ్రాసినాయన పేరూ వూరూ చెప్పవద్దన్నారు. తెర నిండా ఎర్రగా ‘మీ కంప్యూటరుకు వైరస్, ఈ నంబరుకు ఫోను చేయండి’ అని వచ్చి, కుయ్యోమని మోగిందట. ఆయన చేశారు. వాళ్ళు చెప్పిన ప్రోగ్రాము ఎక్కించారు. బ్యాంకులో నలభైవేలు పోయాయి. ఇప్పుడేం చేయాలని అడుగుతున్నారు. అయ్యా, ఉత్తరం నాకు వ్రాసి రోజులు పోగొట్టుకున్నారు. ఇది చదవగానే 1930కు ఫోను చేయండి, సైబర్ నేరాల ఫిర్యాదులకు ప్రభుత్వం పెట్టిన నంబరు అది. మీ బ్యాంకుకూ చెప్పండి. ఆ యంత్రానికి ఇంటర్నెట్టు తీసేసి, వేరే యంత్రంనుంచి పాస్‌వర్డులన్నీ మార్చండి. విండోసు తనంతట తాను ఫోను నంబరు చూపించి పిలవమని ఎన్నడూ అడగదు. అటువంటి తెర వస్తే ఆల్ట్, ఎఫ్4 మీటలు కలిపి నొక్కండి. పోకపోతే పవర్ మీట పట్టుకుని ఆర్పేయండి. సిగ్గుపడి ఇంట్లో దాచవద్దు. నేను మా అక్కకు చాయ్ సంగతి సద్దుల బతుకమ్మ అయిన మర్నాడు చెప్పాను. ఫోను పెట్టేసింది. రెండు రోజులకు మళ్ళీ చేసి, ఆ హార్డుడిస్కును బీరువాలోంచి తీసి బియ్యం డబ్బాలో దాస్తే మంచిదా అని అడిగింది.